రేవులపాలెంలో ఆమోదించు బటన్

పెదపాటి హేమసుందరం రేవులపాలెం పురపాలక సంఘంలో ఇరవై ఆరేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్. ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ప్లాను ముందుగా ఆయన బల్ల మీదికి రావాలి. గోడ ఎక్కడ, కిటికీ ఎక్కడ, పక్కింటివైపు వదిలిన జాగా ఎంత అని చూసి, సరిగ్గా ఉంటే ఆమోదించేవాడు, లేకపోతే ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి వెనక్కిచ్చేవాడు. ఇన్నేళ్లలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్క మెచ్చుకోలూ రాలేదు. ఆఫీసులో అలాంటి మనిషొకడు ఉన్నాడన్న సంగతి ఆయన సెలవు పెట్టిన రోజునే తెలిసేది.

అలాంటి మనిషికి ఒక సోమవారం స్వేచ్ఛ వచ్చింది.

రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటి మీదా ప్రధాన కార్యాలయం ఒకటి ఉంది. ఆఫీసు కంప్యూటర్లన్నీ పరాయి కంపెనీల చెరలో మగ్గుతున్నాయనీ, లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి వాటిని విడిపించాలనీ అక్కడెవరికో తోచింది. ఆలోచన మంచిదే. దాన్ని అమలు చేసినవాళ్లే ప్రభుత్వోద్యోగులు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, వచ్చు సోమవారము నుండి సదరు కంప్యూటర్లను స్వతంత్రమైనవిగా భావించవలెను" అని సర్క్యులర్ వచ్చింది. దాని వెనకే ఒక వ్యాను, అందులో నలుగురు కాంట్రాక్టు మనుషులు వచ్చారు. భోజనాల వేళకల్లా పదకొండు కంప్యూటర్లను విముక్తి చేసి, వాటికి బంతిపూల దండలు వేసి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

వాటిలో పది కంప్యూటర్లకు ఏమీ కాలేదు. అవి చక్కగానే నడిచాయి. చిక్కంతా హేమసుందరం కంప్యూటర్‌తో వచ్చింది. పెద్ద పెద్ద ప్లాన్లు చూడటానికని దానికి వెడల్పాటి తెర, లోపల గ్రాఫిక్స్ కార్డు అనే ప్రత్యేకమైన పలక పెట్టించారు. తెర మీద బొమ్మ నిండుగా రావాలంటే ఆ కార్డుతో లైనక్స్ మాట్లాడగలగాలి. ఆ మాటలు నేర్పే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. కాంట్రాక్టు మనుషులు అది వెయ్యలేదు. ఫోన్ చేసి అడిగితే తమ ఒప్పందం విముక్తి వరకేననీ, బొమ్మ కనబడటం అందులో లేదనీ చెప్పారు.

డ్రైవర్ లేని తెర మీద అక్షరాలు వంకాయలంతేసి వచ్చాయి. దరఖాస్తు తెరిస్తే పై సగమే పట్టింది. దరఖాస్తుదారు పేరు, ప్లాను బొమ్మలో ఓ ముక్క, దాని కింద 'తిరస్కరించు' అనే ఎర్ర బటన్. ఎర్ర బటన్ కింద 'ఆమోదించు' అనే పచ్చ బటన్ ఉండాలి. అది తెర అంచు దిగిపోయి, బల్ల చెక్కలోకి ఎక్కడికో పోయింది.

పేజీని పైకి జరుపుదామంటే జరగదు. కీబోర్డుతో నొక్కుదామంటే కుదరదు. ఎవరూ దొంగతనంగా అనుమతులు ఇచ్చుకోకుండా ఆ దారులన్నీ మూసేశారు. హేమసుందరం బొటనవేలి ముద్ర పడి, కళ్ల ఎదట బటన్ కనబడి, మౌసుతో దాని నడినెత్తిన నొక్కితేనే అది పని చేస్తుంది. వేరే కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనే తెరుచుకోదు. పైగా దరఖాస్తును ఇరవై నాలుగు గంటల్లో తేల్చకపోతే సంజాయిషీ రాయాలి.

ఇరవై ఆరేళ్లలో సంజాయిషీ రాసి ఎరగని హేమసుందరం మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ తెర కేసి చూస్తూ కూర్చుని, చివరికి కనబడుతున్న బటన్‌నే నొక్కాడు. ఆ రోజు పదిహేడు దరఖాస్తులు తిరస్కారమయ్యాయి. అందులో మొదటిది తాడి వరహాలమ్మది.

వరహాలమ్మ మార్కెట్ వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి. అరవై గజాల జాగాలో ఉన్న పాత పెంకుటిల్లు కిందటి తుపానుకి కూలిపోతే, అక్కడే టార్పాలిన్ కప్పుకుని ఉంటోంది. రెండు గదుల ఇంటికి ప్లాను గీయించుకుంది. వానలకు ఇంకా నాలుగు నెలలే ఉంది. తిరస్కార పత్రం మడతపెట్టి పట్టుకొచ్చి, ప్లానులో తప్పేమిటో చెబితే దిద్దించుకుంటానంది. హేమసుందరం ప్లాను మళ్లీ చూశాడు. అందులో తప్పేమీ లేదు. ఆ మాటే చెప్పాడు.

"తప్పు లేకపోతే మరెందుకు కాదన్నారు బాబూ?"

"ఔనన్న బటన్ కనబడలేదమ్మా" అన్నాడు.

ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టమంటే పెడతానంది. పెట్టింది. మళ్లీ తిరస్కారమైంది. ఆమె రెండో పత్రాన్నీ మొదటిదానితో కలిపి మడతపెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట హేమసుందరానికి అన్నం సయించలేదు.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చి చూసి, డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుందనీ, వెయ్యడం పది నిమిషాల పనేననీ చెప్పాడు. కానీ స్వతంత్ర కంప్యూటర్‌ను ప్రధాన కార్యాలయం అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోకూడదని సర్క్యులర్‌లోనే ఉంది. అందుకని హేమసుందరం పద్ధతి ప్రకారం ఉత్తరం రాశాడు. తన కంప్యూటర్‌కు ఒక గ్రాఫిక్స్ డ్రైవర్ అత్యవసరమనీ, దయచేసి ఇప్పించవలసిందనీ దాని సారాంశం.

పది రోజులకు జవాబు వచ్చింది. డ్రైవర్ పోస్టుల భర్తీపై నిషేధం అమలులో ఉన్నందున విన్నపము పరిశీలించజాలమని. హేమసుందరం ఓపిగ్గా రెండో ఉత్తరం రాశాడు. తాను కోరిన డ్రైవర్ మనిషి కాదనీ, ప్రోగ్రామనీ వివరించాడు. "సదరు డ్రైవర్ మనిషి కానిచో, అతనికి లైసెన్సు ఏ అధికారి జారీ చేసెనో తెలుపవలెను" అని వాళ్లు అడిగారు. కంప్యూటర్ దుకాణం ఆయన్ని కనుక్కుంటే, ఇలాంటి ఉచిత ప్రోగ్రాములు జనరల్ పబ్లిక్ లైసెన్సు అనే దాని కింద వస్తాయని చెప్పాడు. హేమసుందరం అక్షరం పొల్లుపోకుండా అదే రాసి పంపాడు.

ఈసారి ప్రధాన కార్యాలయానికి విషయం పూర్తిగా అర్థమైంది. వారంలోపే ఉత్తర్వు వచ్చింది. "పబ్లిక్ లైసెన్సు కలిగి, విశేషానుభవము గల శ్రీ షేక్ మస్తాన్ వలీ, నీళ్ల ట్యాంకరు డ్రైవర్, గారిని తక్షణము కంప్యూటర్‌నకు డిప్యుటేషన్‌పై నియమించడమైనది. వారు పది గంటల నుండి ఐదు గంటల వరకు సదరు యంత్రము వద్ద అందుబాటులో ఉండవలెను."

మస్తాన్ వలీ ముప్ఫయ్యేళ్లుగా ట్యాంకరు తోలుతున్నవాడు. ఉత్తర్వు చేతికిచ్చిన నాడు రెండుసార్లు చదువుకుని, కుర్చీ తెచ్చుకుని హేమసుందరం పక్కన కూర్చున్నాడు. ట్యాంకరు షెడ్డులోకి పోయింది. ఏడో వార్డుకు నీళ్లు ఆగిపోయాయి. ఏడో వార్డు ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటే, మీ డ్రైవర్ గ్రాఫిక్స్ పనుల మీద ఉన్నాడని గుమాస్తాలు నచ్చజెప్పారు. వలీ మాత్రం ఉత్తపుణ్యానికి కూర్చోవడం ఇష్టం లేక ఉదయమొకసారి, సాయంత్రమొకసారి తెరను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. బొమ్మ తేటపడింది గానీ బటన్ మాత్రం రాలేదు.

ఈలోగా ఎవరూ అనుకోనిది జరిగింది. దరఖాస్తులు ఎంత త్వరగా తేలుస్తున్నారో లెక్కగట్టి ప్రధాన కార్యాలయం ఊళ్లకు ర్యాంకులిస్తుంది. ఎప్పుడూ చివరి వరుసలో ఉండే రేవులపాలెం మొదటి స్థానానికి వచ్చింది. నూటికి నూరు దరఖాస్తులు, సగటున నలభై సెకన్లు. కమిషనర్ ఉదయభాస్కర్ గారికి రాజధానిలో శాలువా కప్పారు. ఆయన తిరిగొచ్చి హేమసుందరాన్ని గదిలోకి పిలిచి, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి కూర్చోమన్నారు.

సంగతి ఇదీ అని హేమసుందరం చెప్పబోయాడు. కమిషనర్ గారు చెయ్యెత్తి ఆపారు. పచ్చ బటన్ ఉండటం వల్లనే సిబ్బంది ఆలోచనలో పడి కాలయాపన చేస్తారనీ, ఎంపిక అన్నది పాలనకు పట్టిన తెగులనీ, అది లేకపోవడమే రేవులపాలెం విజయ రహస్యమనీ తాను సభలో వివరించి వచ్చానన్నారు. డ్రైవర్ గురించి ఇంకెప్పుడూ ఉత్తరం రాయొద్దని మెత్తగా చెప్పారు.

ఆ ఉపన్యాసం ఊరికే పోలేదు. రాష్ట్రంలోని మిగతా పురపాలక సంఘాలన్నీ ప్లాన్ల కంప్యూటర్లలోని గ్రాఫిక్స్ కార్డులను ఊడదీసి, గోనెసంచులలో కట్టి, సీలు వేసి పంపవలెనని ఉత్తర్వు వెలువడింది. పొరుగూళ్ల కమిషనర్లు బస్సులు వేసుకుని రేవులపాలెం వచ్చి, హేమసుందరం వెనక నిలబడి, ఆయన ఎర్ర బటన్ నొక్కే తీరును నోటుబుక్కుల్లో రాసుకున్నారు. ఒకాయన మౌసు పట్టే కోణం కూడా అడిగి తెలుసుకున్నాడు.

వరహాలమ్మ మూడోసారి వచ్చిన రోజున ఆకాశం మూసుకుని ఉంది. టార్పాలిన్ రెండుచోట్ల చిరిగిందనీ, ఇస్త్రీకిచ్చిన బట్టలు తడిస్తే ఇక ఎవరూ ఇవ్వరనీ చెప్పింది. మీరు కాదన్నా సరే, పునాది తవ్వించుకుంటానంది. అలా చేస్తే వార్డు ఇన్‌స్పెక్టర్ వచ్చి పూడ్పిస్తాడని హేమసుందరం చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు.

పక్కన కుర్చీలో ఉన్న మస్తాన్ వలీ చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టాడు. నెలన్నర నుంచి తెర తుడవడమే గానీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి.

"మాస్టారూ, ఒక్కటడుగుతాను. ఈ బండికి రివర్స్ గేరు ఒక్కటే పడుతోంది, అంతే కదా?"

"అంతే."

"మరి బండిని వెనక్కి తిప్పి నిలబెట్టుకుని తోలితే సరి. మా ట్యాంకరుని ఓసారి అలాగే నాలుగు వీధులు తోలాను."

హేమసుందరానికి వెంటనే అర్థం కాలేదు. వలీ నెమ్మదిగా చెప్పాడు. ఈ కంప్యూటర్ ఏమడిగినా కాదంటుంది. కాబట్టి కాదంటే మనకు లాభమయ్యేది అడగాలి.

హేమసుందరం కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, దరఖాస్తుల జాబితా తెరిచాడు. కొత్త ఇల్లు, అదనపు అంతస్తు, ప్రహరీ గోడ. ఆఖరున ఇల్లు కూల్చివేతకు అనుమతి. వరహాలమ్మ పేరున, రెండు గదుల ప్లానే జతచేసి, ఈ ఇంటిని కూల్చడానికి అనుమతి కోరుతున్నట్టు నింపాడు. బొటనవేలు ఆనించి ఎర్ర బటన్ నొక్కాడు. ప్రింటరులోంచి కాగితం వచ్చింది. పాత కట్టడాలను కాపాడటానికని ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన వాక్యాలు అందులో ఉన్నాయి.

"మీరు కోరిన కూల్చివేతకు అనుమతి నిరాకరించడమైనది. సదరు ఇంటిని జతపరచిన ప్లానులో చూపిన విధముగా ఉంచవలెను. ఉల్లంఘించినవారు శిక్షార్హులు."

లేని ఇంటిని కూల్చొద్దన్నారా అని వరహాలమ్మ అడిగింది. ఔనన్నాడు హేమసుందరం. ఆమె ఆ కాగితాన్ని జాకెట్టులో దోపుకుని, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్లింది.

మూడోనాడు వార్డు ఇన్‌స్పెక్టర్ పునాది ఆపించడానికి వెళ్లాడు. వరహాలమ్మ కాగితం చూపించింది. ఆయన నిబంధనలు క్షుణ్ణంగా తెలిసినవాడు. కాగితం మూడుసార్లు చదివి, ప్లాను చూసి, ఖాళీ జాగా చూసి, చివరికి ఉత్తర్వులో ఉంచమన్న ఇల్లు అక్కడ లేకపోవడం తీవ్రమైన ఉల్లంఘన అని తేల్చాడు. నెల్లాళ్లలో ప్లాను ప్రకారం ఇల్లు కనబడాలని, లేకపోతే చర్య తీసుకుంటామని నోటీసు ఇచ్చాడు. వరహాలమ్మ వెళ్లి మేస్త్రీకి ఆ నోటీసు చూపించి తొందరపెట్టింది. మొదటి వాన పడేనాటికి స్లాబ్ పడింది.

ఇలాంటి కబురు ఊళ్లో దాగదు. ఇల్లు కట్టుకోవాలనుకున్న ప్రతివాడూ కూల్చివేతకు దరఖాస్తు పెట్టాడు. బడి వాళ్లు లేని తరగతి గదులు కూల్చమన్నారు. చర్చి వాళ్లు లేని గంట గోపురం కూల్చమన్నారు. కమిషనర్ గారి బావమరిది లేని కల్యాణ మండపం కూల్చమన్నాడు. హేమసుందరం ఒక్కొక్క ప్లానూ శ్రద్ధగా చూసి, సరిగ్గా ఉన్నవాటిని తిరస్కరించాడు. సరిగ్గా లేనివాటిని దిద్దించుకు రమ్మని, ఆ తర్వాత తిరస్కరించాడు. ఎన్నాళ్లకో ఆయనకు మళ్లీ తన పని తాను చేస్తున్నట్టనిపించింది. వలీ జనాన్ని వరసలో నిలబెట్టేవాడు.

మూడు నెలల్లో పదకొండు వందల నలభై కూల్చివేత దరఖాస్తులు. ఈ సంఖ్య ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద తెర మీద ఎర్రగా మెరిసింది. అక్కడి సాంకేతిక సలహాదారు ప్రభంజన్ గారు దాన్ని చూసి కదిలిపోయారు. ఒక ఊరు ఊరంతా తమ పాత ఇళ్లను కూల్చమని వేడుకుంటుంటే కర్కశంగా నిరాకరిస్తున్నామా అని సమీక్షా సమావేశంలో అడిగారట. తిరస్కరించిన దరఖాస్తులన్నిటినీ పునఃపరిశీలించి ఒక్క రోజున ఆమోదించాలనీ, వెంటనే యంత్రాలు దింపి ఊరు చదును చేసి నవ నిర్మాణానికి శ్రీకారం చుట్టాలనీ నిర్ణయించారు. ఆమోదించాలంటే పచ్చ బటన్ కావాలి గనక, రాష్ట్రం మొత్తానికీ ఒక్క రేవులపాలేనికే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ప్రత్యేకంగా మంజూరు చేశారు. మస్తాన్ వలీని రిలీవ్ చేశారు.

నిర్ణయించిన రోజు ఉదయం ఎనిమిది పొక్లెయినర్లు వచ్చి బస్టాండు పక్కన వరసగా నిలబడ్డాయి. ప్రభంజన్ గారు ఒక ఇంజనీరుని వెంటబెట్టుకుని వచ్చారు. ఇంజనీరు డ్రైవర్ వేశాడు. సరిగ్గా పది నిమిషాలు పట్టింది. తెర ఒకసారి నల్లబడి వెలిగింది. అక్షరాలు ఆవగింజలంత చిన్నవై, దరఖాస్తు మొత్తం నిండుగా పట్టింది. ఎర్ర బటన్ కింద పచ్చ బటన్, దాని పక్కన 'అన్నీ ఆమోదించు' అనే మరో పచ్చ బటన్ మెరుస్తూ నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు కొట్టలేదు. బావమరిది మండపానికి అప్పటికే రెండంతస్తులు లేచాయి.

ప్రభంజన్ గారు ప్రసంగించారు. ప్రజాభీష్టమే పరమావధిగా, పారదర్శకతే ప్రాణవాయువుగా, నేడు రేవులపాలెం నేలమట్టమై రేపటికి నాంది పలుకుతోందన్నారు. ఆ మీదట శుభం పలకమని హేమసుందరానికి సైగ చేశారు.

కిటికీ బయట జనం నిలబడి ఉన్నారు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చిన వరహాలమ్మ కూడా వాళ్లలో ఉంది. ఆమె అరవడం లేదు, ఏడవడం లేదు. హేమసుందరం చేతినే చూస్తోంది. ఆయన బొటనవేలు ముద్ర వేసే గాజుపలక మీద పెట్టాడు. మౌసు పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో పైవాళ్లు చెప్పినది చెయ్యకుండా ఉన్న రోజు ఆయనకు ఒక్కటీ లేదు.

"సార్, నాకు ఆమోదించు బటన్ కనబడటం లేదండి" అన్నాడు.

ప్రభంజన్ గారు నవ్వి, వేలు పెట్టి చూపించారు. హేమసుందరం ఆ వేలి చివర దాకా వంగి చూశాడు.

"లేదండి. మీ వేలు కనబడుతోంది. బటన్ కనబడటం లేదండి."

ప్రభంజన్ గారు కమిషనర్ వైపు తిరిగారు. ఉదయభాస్కర్ గారు కళ్లజోడు సవరించుకుని, తెర దగ్గరకొచ్చి, ఆ పచ్చటి వెలుగు మొహం మీద పడుతుండగా చాలాసేపు చూశారు. ఆ తరువాత, ఉన్నతాధికారి ఎదట అబద్ధమాడలేనని, తనకూ కనబడటం లేదని చెప్పారు. హెడ్ గుమాస్తా వచ్చి చూశాడు. అతనికి కనబడలేదు. వార్డు ఇన్‌స్పెక్టర్ నిబంధనల పుస్తకంతో సహా వచ్చి చూసి, పుస్తకంలో కనబడుతోంది గానీ తెర మీద కనబడటం లేదన్నాడు. చివరికి ప్రభంజన్ గారు తన ఇంజనీరుని అడిగారు. అతను ఆ నలుగురి మొహాలు చూశాడు, కిటికీ బయట జనాన్ని చూశాడు, సాయంత్రం తాను ఎక్కాల్సిన బస్సు ఆ జనం మధ్యలోంచే వెళ్లాలని గుర్తొచ్చింది కాబోలు, కార్డు పాత మోడలనీ, డ్రైవర్‌తో పూర్తిగా పొసగనట్టుందనీ సన్నగా చెప్పాడు.

ప్రభంజన్ గారు మళ్లీ తెర చూశారు. ఒక్కరికే కనబడే బటన్ గురించి నివేదికలో రాస్తే తన గురించి ఏమనుకుంటారో ఆలోచించినట్టున్నారు. కాసేపటికి తనకూ అది కొంచెం మసకబారినట్టే ఉందన్నారు. పొక్లెయినర్లు వెనక్కి వెళ్లాయి. డ్రైవర్ సాంకేతికంగా విజయవంతమైననూ, సిబ్బంది దృష్టి దానికి అనుగుణముగా లేదని నివేదిక తయారైంది. రేవులపాలెం పురపాలక సిబ్బందికంతటికీ తక్షణం నేత్ర పరీక్షలు జరిపించి ధ్రువపత్రాలు పంపాలని ఉత్తర్వు వచ్చింది. దానితోపాటే మస్తాన్ వలీని ట్యాంకరు మీదికి తిరిగి పంపారు, ఏడో వార్డుకు నీళ్లు వచ్చాయి.

హేమసుందరం తన వంతు వచ్చిన రోజున ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు. కంటి డాక్టరు సోమిదేవమ్మ గారు ఒక కన్ను మూయించి, గోడ మీది పట్టిక చదవమన్నారు. ఆయన పై నుంచి మొదలుపెట్టి, అట్టడుగు వరసలోని చీమతలకాయంత అక్షరాల దాకా ఒక్క తప్పు లేకుండా చదివాడు. రెండో కన్నుతోనూ చదివాడు. ఆ అట్ట అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివాడు.

డాక్టరు గారు ధ్రువపత్రం తీసి, "దృష్టి లోపము: తెర దిగువ భాగము బొత్తిగా కనబడదు, నయం కాదు" అని రాసి సంతకం చేసి, ముద్ర వేశారు. కాగితం చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగారు.

"మా క్లినిక్ మేడ మీద రెండు గదుల కూల్చివేతకని పెట్టాను, పన్నెండు వందల పద్దెనిమిది నంబరు. అది తిరస్కరించేశారు కదండీ?"

"పోయిన గురువారమే తిరస్కరించానమ్మా" అన్నాడు హేమసుందరం.

"సంతోషం" అని, ఆవిడ తరవాతి మనిషిని పిలిచారు.